తెల్లవారితే పలకని పాత పద్మిని: డెల్కోకు చెమ్మ పట్టకుండా ఏం చేయాలి?

వాల్తేరు పద్మిని
అక్టోబరు 14, ఉదయం 9:20

సభ్యులకు నమస్కారం. మా నాన్నగారు 1989లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ నా దగ్గరే ఉన్నది. పెదవాల్తేరులో సముద్రపు గాలి నేరుగా తగిలే మా ఇంటి ముందు, మూడు వైపులా తెరచి ఉన్న రేకుల షెడ్డు కింద దానిని నిలుపుతాను. వేసవి అంతా ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న బండి, ఈ నెల మొదటి వారం నుండి ఉదయం ఏడు గంటలకు ఎంత కొట్టినా అందుకోవడం లేదు. పదకొండు గంటలకు, ఎండ బోనెట్ మీద పడి రేకు వేడెక్కిన తరువాత, రాత్రంతా ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తున్నది. బ్యాటరీ పోయిన ఏడాదే మార్చాను. ఇద్దరు మిస్త్రీలకు చూపిస్తే ఒకరు ప్లగ్గులు మార్చమన్నారు, మరొకరు బండినే మార్చమన్నారు. రెండవ సలహా నాకు నచ్చలేదు. ఇది చెమ్మ వల్ల వచ్చిన బాధే అయితే, దానిని ఆపే మార్గం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

భీమిలి రోడ్డు
అక్టోబరు 14, ఉదయం 10:05

నా 1995 మారుతి 800 కూడా వానాకాలంలో ఇలాగే మొరాయించేది. డెల్కో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు, దాని క్యాప్ విప్పి, లోపలా బయటా పొడి గుడ్డతో తుడిచి, వైర్లు దిగే గుంతలన్నింటిలో వాజిలైన్ దట్టంగా పూసేశాను. ఆ సీజను గడిచింది. ఖర్చు ఇరవై రూపాయలు.

గాజువాక కుర్రాడు
అక్టోబరు 14, ఉదయం 10:40

వాజిలైన్ ఎందుకండీ, క్యాప్ కూర్చునే అంచు చుట్టూ సిలికాన్ సీలెంట్ పెట్టి మూసేస్తే లోపలికి గాలే పోదు కదా? గాలి పోకపోతే చెమ్మ కూడా పోదు. స్నానాల గది కిటికీకి నేను అలాగే చేశాను.

కంచరపాలెం షెడ్డు
అక్టోబరు 14, మధ్యాహ్నం 1:15

కుర్రాడు గారూ, ఆ పని మాత్రం చేయకండి. క్యాప్ లోపల రోటరు, అంటే ఒక్కొక్క వైరుకు కరెంటు అందించే ముక్క, తిరుగుతున్నంతసేపూ దాని మొనకూ పక్కనున్న కడ్డీకీ మధ్య నిప్పు దూకుతూనే ఉంటుంది. ఆ నిప్పు గాలిని ఓజోనుగానూ నైట్రోజన్ ఆక్సైడ్లుగానూ మారుస్తుంది. అవి తేమతో కలిస్తే నత్రికామ్లం తయారవుతుంది. అది బయటకు పోవడానికే చాలా డిస్ట్రిబ్యూటర్లలో చిన్న గాలి రంధ్రం వదులుతారు. మీరు సీలు వేసి మూస్తే, రాత్రి లోపల ఇరుక్కున్న తేమ అక్కడే ఉంటుంది, ఆమ్లమూ అక్కడే ఉంటుంది, ఆరు నెలల్లో కడ్డీల మీద ఆకుపచ్చని తుప్పు పొరలు కడుతుంది. మా షెడ్డుకు అలా మూసి తెచ్చిన క్యాపులను నేను ఉలితో విప్పవలసి వచ్చింది. ఆ రంధ్రంలో పేరుకున్న మట్టిని పిన్నుతో తీసి శుభ్రంగా ఉంచండి, అంతే చాలు.

వాజిలైన్ సంగతి. అది ఇంజిన్ వేడికి కరిగి జారిపోతుంది, రబ్బరు టోపీలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. దాని బదులు కరెంటు పారనివ్వని సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు అని చిన్న ట్యూబులో దొరుకుతుంది. ప్లగ్గు మీద కూర్చునే టోపీ లోపలి గోడకు, క్యాప్ మీది గుంతల రబ్బరుకు మాత్రమే, వేలి కొసతో రాసినంత పలుచగా రాయాలి. క్యాప్ మధ్యనున్న కార్బన్ బొగ్గుకు, రోటరు ఇత్తడికి అది తగలకూడదు.

పద్మిని గారూ, ముందుగా ఒక్క ప్రశ్న. ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? వాటి కొసల మధ్య నిప్పు దూకే గ్యాపు ఎంత ఉన్నది?

వాల్తేరు పద్మిని
అక్టోబరు 14, సాయంత్రం 6:30

ప్లగ్గులు నాలుగేళ్ల క్రితం మార్చినట్టు గుర్తు. ఇప్పుడే విప్పి ఫీలర్ గేజితో చూస్తే మూడింటిలో 0.9 మి.మీ. దాటి ఉన్నది, ఒకదానిలో ఒక మి.మీ. గేజి కూడా వదులుగా దూరింది. కొత్తవి 0.6 మి.మీ. చుట్టుపక్కల ఉంటాయని పాత పుస్తకంలో రాసి ఉన్నది. కానీ పదకొండు గంటలకు ఇవే ప్లగ్గులతో స్టార్ట్ అవుతున్నది కదా, తప్పు వీటిదే అని ఎలా అనుకోవాలి?

పాలిటెక్నిక్ మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 8:10

మంచి ప్రశ్న వేశారు. విద్యుత్తు పాఠాలు ముప్పై ఏళ్లు చెప్పిన అలవాటు కొద్దీ కాస్త విస్తరంగా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

బ్యాటరీ వోల్టేజీని పెంచే చుట్టే కాయిల్. అందులో తయారయ్యే 15,000 నుండి 25,000 వోల్టుల ఒత్తిడి ప్లగ్గు దగ్గరకే పోవాలని ఎవరూ దానికి నియమం పెట్టలేదు. ఏ దారి సులువైతే ఆ దారిన ఎర్త్‌కు, అంటే బండి ఇనుముకు, చేరుతుంది. ప్లగ్గు గ్యాపు చిన్నదిగా ఉన్నప్పుడు కొన్ని వేల వోల్టులకే అక్కడ నిప్పు దూకుతుంది, ఆ పని అయిపోయాక వోల్టేజీ అంతకు మించి పెరగదు. గ్యాపు అరిగి పెద్దదైతే, నిప్పు దూకే ముందు వోల్టేజీ మరింత పైకి ఎక్కవలసి వస్తుంది. అలా ఎక్కే లోపల క్యాప్ మీదనో, వైరు మీదనో, కాయిల్ మెడ (దాని పెద్ద వైరు దిగే చోటు) మీదనో తడిసిన పొర ఒకటి కనబడితే, అది ప్లగ్గు వరకూ పోకుండా అక్కడే దిగిపోతుంది. అంటే అరిగిన ప్లగ్గు, చెమ్మ రెండూ కలిసి నేరం చేస్తున్నాయి. పగలు చెమ్మ ఆరిపోతే మిగిలిన దొంగ ఒంటరివాడై ఊరుకుంటాడు.

ఇక చెమ్మ గురించి. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును ఏమంత ప్రవహింపజేయదు. మన తీరంలో గాలి మోసుకువచ్చే ఉప్పు రేణువులు బోనెట్ కింద కూడా చేరి, ఆయిలు జిడ్డుతో, దుమ్ముతో కలిసి బేకలైటు క్యాప్ మీద కంటికి కనబడని పొరగా పరుచుకుంటాయి. పొడిగా ఉన్నంతసేపు ఆ పొర వల్ల నష్టం లేదు. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కనుక, వాన పడకపోయినా, మంచు కురవకపోయినా, రాత్రి గాలిలో తేమ పెరిగితే చాలు, ఆ పొర తడుస్తుంది. పాతనగరం వైపు ఉండేవారికి మేడల మీద పేరుకునే నల్లధూళి సంగతి వేరే చెప్పనక్కరలేదు, అందులో బొగ్గు రేణువులు ఉంటే అవి పొడిగా కూడా విద్యుత్తుకు దారి ఇస్తాయి. అందువల్ల క్యాప్‌ను పొడి గుడ్డతో తుడవడం వల్ల నీరు పోతుంది గాని, ఉప్పు పోదు. మర్నాటికి మళ్లీ అదే కథ.

ఉదయమే ఎందుకు అంటే, సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టర్ మోటారు లాగే కరెంటుకు 12 వోల్టుల బ్యాటరీ 9, 10 వోల్టులకు దిగుతుంది. కాయిల్‌కు అందేదే తగ్గినప్పుడు అది ఇచ్చేదీ తగ్గుతుంది. చల్లని ఇంజిన్‌కు గట్టి నిప్పు కావలసిన సమయమూ అదే. ఒకసారి స్టార్ట్ అయిన తరువాత డైనమో ఆదుకుంటుంది, ఇంజిన్ వేడికి చెమ్మ ఆరుతుంది, ఇక రోజంతా బాధ ఉండదు.

భీమిలి రోడ్డు
అక్టోబరు 14, రాత్రి 8:35

మాస్టారూ, మా మారుతికి డైనమో కాదు, ఆల్టర్నేటర్. పద్మినికి కూడా 1989 నాటికి అదే ఉండాలి.

పాలిటెక్నిక్ మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 8:41

నిజమే. పాత నోరు, పాత మాట.

ఘాట్ అంబాసిడర్
అక్టోబరు 15, ఉదయం 7:50

మాది పెట్రోలు అంబాసిడర్, 1489 సీసీ. ఏటా డిసెంబరులో అరకు తీసుకువెళ్తాను. అక్కడ రాత్రి ఆరుబయట నిలిపితే తెల్లవారేసరికి కారు పైనంతా మంచు నీరు ధారలు కట్టి ఉంటుంది, వేలితో రాస్తే అక్షరాలు పడతాయి. అయినా అక్కడ ఒక్కసారి కూడా స్టార్టింగు బాధ రాలేదు. విశాఖలో మాత్రం బొట్టు నీరు కనబడని ఉదయాలలో కూడా మొండికేసేది. ఇన్నాళ్లూ ఇది నాకు వింతగా ఉండేది. మాస్టారు రాసిన ఉప్పు మాట చదివాక అర్థమైంది. కొండ మీద కురిసేది ఉత్త నీరు.

నిన్న రాత్రే ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్టు నుండి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా తెచ్చి, దూదితో క్యాప్ బయటి భాగం తుడిచాను. దూది గోధుమ రంగులోకి మారింది. మూడుసార్లు మార్చినా రంగు వస్తూనే ఉన్నది. బయటకు చూస్తే ఆ క్యాప్ నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

కంచరపాలెం షెడ్డు
అక్టోబరు 15, మధ్యాహ్నం 12:30

అంబాసిడర్ గారు చేసినదే సరైన పద్ధతి. దయచేసి ఎవరూ పెట్రోలుతో తుడవకండి. క్యాప్ లోపల ఆవిరి మిగిలి ఉండగా సెల్ఫ్ కొడితే క్యాప్ పగిలి ఎగిరిపోతుంది, నా కళ్లారా చూశాను. డబ్ల్యూడీ 40 లాంటి స్ప్రేలు నీటిని తరిమివేయడానికే పుట్టినవి, అత్యవసరంలో బాగా పని చేస్తాయి, కానీ అవి కూడా మండేవే. కొట్టిన తరువాత పది నిమిషాలు బోనెట్ ఎత్తి ఉంచి, ఆవిరి పోయాకే స్టార్ట్ చేయాలి. వాటి మీద మిగిలే సన్నని నూనె పొరకు దుమ్ము అంటుకుంటుంది గనుక రోజూ కొట్టడం మంచిది కాదు.

తుడిచేటప్పుడు క్యాప్ లోపలి గోడను వెలుతురులో పెట్టి చూడండి. ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకో, అంచుకో, పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత కనబడితే అది మురికి కాదు. కరెంటు పాకిన దారిలో బేకలైటు కాలి బొగ్గుగా మారిన గుర్తు. గరుకు కాగితంతో గీకి వాడుకుందామని చూస్తారు చాలామంది. ఆ దారి ఒకసారి పడ్డాక మళ్లీ అక్కడే పడుతుంది. క్యాప్ మార్చవలసిందే. వైర్లు విప్పేముందు ఏది ఏ సిలిండరుదో కాగితం ముక్కలు అంటించి రాసుకోండి, పద్మినికీ అంబాసిడర్‌కీ నిప్పు వరుస 1-3-4-2. వరుస తప్పించి బిగించి, చెమ్మ అని నా దగ్గరకు తోసుకువచ్చినవారు ఉన్నారు.

గాజువాక కుర్రాడు
అక్టోబరు 15, మధ్యాహ్నం 2:00

సీలెంటు ఆలోచన ఉపసంహరించుకుంటున్నాను. పాయింట్లు, అంటే డెల్కోలో కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు, తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టిస్తే ఈ గొడవంతా ఉండదంటారు, నిజమేనా?

పాలిటెక్నిక్ మాస్టారు
అక్టోబరు 15, సాయంత్రం 5:20

సగం నిజం. బండి వారాల తరబడి కదలకపోతే పాయింట్ల ముఖాల మీద తుప్పు పొర పట్టి కరెంటు తెగుతుంది, ఆ బాధ కిట్‌తో పోతుంది. కానీ క్యాప్, రోటరు, వైర్లు పాతవే ఉంటాయి కదా, చెమ్మకు కరెంటు జారేది వాటి మీదనే. పైగా కొన్ని కిట్‌లు వోల్టేజీని ఇంకా పెంచుతాయి. బలహీనమైన క్యాప్ ఉంటే అది ముందే బయటపడుతుంది. పాయింట్లు ఉన్నవారు 0.4 మి.మీ. చుట్టుపక్కల గ్యాపు సరిచూసుకుని, చివర ఒక శుభ్రమైన విజిటింగ్ కార్డు ముక్కను వాటి మధ్య లాగితే చాలు.

ఘాట్ అంబాసిడర్
అక్టోబరు 15, రాత్రి 9:00

ఇంగ్లండులో 1959లో వచ్చిన మినీ కారుకు డిస్ట్రిబ్యూటరు సరిగ్గా ముందు జాలీ వెనుకే ఉండేది. వానలో వెళ్తే నీరు నేరుగా దాని మీదే కొట్టేది. దాని యజమానులు గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగును డెల్కో మీద బోర్లించి, ఐదు వేళ్ల కొసలు కోసి, నాలుగింటిలో నుండి ప్లగ్గు వైర్లను, ఐదవ దానిలో నుండి కాయిల్ వైరును బయటకు తీసేవారు. మన బండ్లకు కూడా ఐదు వైర్లే. వాయుగుండం పట్టిన రోజులలో, రైల్వే వంతెన కింద నీరు నిలిచిన దారిలో వెళ్లక తప్పనప్పుడు, నేను ఇదే చేస్తాను. ఇంటికి రాగానే తీసేస్తాను. లేకపోతే కంచరపాలెం షెడ్డు గారు చెప్పిన ఆమ్లం లోపలే ఊరుతుంది. ఫ్యాను నీటిని చిమ్మి ఇంజిన్ మీద పోస్తుంది కనుక అటువంటి చోట మొదటి గేరులో, అల లేవకుండా నడపాలి. నీరు బంపరు దాటితే వెనక్కు తిప్పుకోవడం మేలు.

వాల్తేరు పద్మిని
అక్టోబరు 17, రాత్రి 10:15

అందరికీ ధన్యవాదాలు. కొత్త ప్లగ్గులు వేశాను, క్యాప్ తుడిచాను, లోపల గీతలు లేవు. వైర్లను మల్టీమీటరుతో కొలిస్తే నాలుగూ కొన్ని వేల ఓములు చూపాయి, తెగినది ఏదీ లేదు. నిన్న ఉదయం ఆరవ సెల్ఫ్‌కు స్టార్ట్ అయింది. ఈ రోజు ఉదయం కాలేదు. బాగుపడింది గాని నయం కాలేదు.

కంచరపాలెం షెడ్డు
అక్టోబరు 17, రాత్రి 10:40

అయితే చీకటి పరీక్ష చేయండి. చీకటి పడ్డాక, బండి ఇంకా స్టార్ట్ అయ్యే వేళ, స్టార్ట్ చేసి ఉంచి, దీపాలన్నీ ఆర్పి, బోనెట్ ఎత్తి చూడండి. కుండీలకు నీరు చల్లే స్ప్రే సీసాతో మంచి నీటిని పలుచని మంచులా వైర్ల మీద, క్యాప్ మీద, కాయిల్ మీద ఒక్కొక్కచోట చల్లండి. ఎక్కడ నీలం నిప్పు పాకుతుందో, చిటచిటమంటుందో, ఎక్కడ చల్లగానే ఇంజిన్ మిస్ కొడుతుందో, దొంగ అక్కడే ఉన్నాడు. చేతులు వైర్లకు దూరంగా ఉంచండి. పంచె, కండువా ఫ్యానుకు చిక్కకుండా చూసుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరకు రాకూడదు.

వాల్తేరు పద్మిని
అక్టోబరు 18, రాత్రి 11:30

దొరికింది.

వీధి దీపం కనబడకుండా షెడ్డుకు దుప్పటి కట్టి, మా అబ్బాయిని యాక్సిలరేటర్ దగ్గర కూర్చోబెట్టి చల్లాను. క్యాప్ మీద ఏమీ లేదు. వైర్ల మీద ఒకచోట మిణుగురులా ఒక మెరుపు, అంతే. కాయిల్ మీద చల్లగానే ఇంజిన్ ఒక్కసారి దగ్గి ఊగింది, కాయిల్ మెడ నుండి పక్కనున్న చిన్న తీగ బోల్టు వరకూ నీలిరంగు దారం ఒకటి పాములా మెలికలు తిరుగుతూ ఆడింది. మా అబ్బాయి బయటకు దూకేశాడు.

ఇంజిన్ ఆపి, చల్లారాక, మెడ మీది రబ్బరు టోపీని వెనక్కు లాగి టార్చి వేసి చూశాను. లోపల ఇత్తడి మీద ఆకుపచ్చని తుప్పు, దాని నుండి కిందికి వెంట్రుక అంత సన్నని నల్లగీత, అది గీత కాదు, గోరుకు తగిలే పగులు. టోపీ కింద దాగి ఉండడం వల్ల ఇద్దరు మిస్త్రీలకూ, నాకూ కనబడలేదు. అందరం డెల్కోనే చూస్తూ ఉన్నాము. ఇంకొక సంగతి గమనించాను. ఈ కాయిల్ దాని అసలు చోటులో లేదు. ఎప్పుడో ఎవరో దానిని మార్చి, బోనెట్ అంచు సందుకు సరిగ్గా కింద, మెడ పైకి ఉండేలా బిగించారు. రాత్రి బోనెట్ రేకు మీద పట్టిన నీరు ఆ సందులోంచి జారి టోపీ మీదే పడుతున్నది. ఉప్పు మరకల చారలు ఇప్పటికీ ఉన్నాయి.

పాలిటెక్నిక్ మాస్టారు
అక్టోబరు 19, ఉదయం 6:50

చాలా చక్కగా వెతికారు. కొత్త కాయిల్ కొనేముందు ఒక మాట. మీ బండిలో కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ నిరోధం ఉన్నదా లేదా చూసుకోండి. నిరోధం లేని బండికి వాడే కాయిల్ ప్రైమరీ చుట్ట (బ్యాటరీ కరెంటు పారేది) సుమారు 3 ఓములు ఉంటుంది, నిరోధంతో వాడేది దాదాపు అందులో సగం. రెండవ రకాన్ని నిరోధం లేకుండా నేరుగా 12 వోల్టులకు కలిపితే కాయిలూ వేడెక్కుతుంది, పాయింట్లూ కాలిపోతాయి. కొట్టువాడు రెండూ ఒకటే అంటాడు. మీటరు వెంట తీసుకువెళ్లండి.

కంచరపాలెం షెడ్డు
అక్టోబరు 19, ఉదయం 8:15

తీగలు కూడా చూసి బిగించండి. మీ బండికి మైనస్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ బండి ఇనుముకు కలిపి ఉంటుంది), కనుక కాయిల్ మైనస్ బోల్టు నుండి వచ్చే తీగ డెల్కోకు పోవాలి, తాళం వైపు తీగ ప్లస్‌కు రావాలి. తిరగేసి కలిపినా బండి నడుస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. కానీ అలా ఉంటే ప్లగ్గులో నిప్పు దూకడానికి మరింత ఎక్కువ వోల్టేజీ కావాలి, మాస్టారు చెప్పిన జారిపోయే బాధ రెట్టింపవుతుంది. పాత కాయిల్ విప్పే ముందు అది ఎలా ఉందో చూసి చెప్పండి.

వాల్తేరు పద్మిని
అక్టోబరు 19, ఉదయం 8:50

ఇప్పుడే చూసి వచ్చాను. తిరగబడే ఉన్నది. కాయిల్ చోటు మార్చినవారే ఇదీ చేసి ఉంటారు.

ఘాట్ అంబాసిడర్
అక్టోబరు 19, ఉదయం 9:10

మీ షెడ్డులో కారు మీద కవరు ఏదైనా కప్పుతున్నారా? ప్లాస్టిక్ పట్టా అయితే తీసేయండి. నేల నుండి లేచే ఆవిరి దాని కింద ఇరుక్కుని తెల్లవారే లోపు బండినంతా ఉడకబెట్టినట్టు తడుపుతుంది. నేను పాత నూలు దుప్పటి బోనెట్ వరకే కప్పుతాను. పొద్దున్నే తీసి ఎండలో వేస్తాను.

వాల్తేరు పద్మిని
అక్టోబరు 26, ఉదయం 7:40

కొత్త కాయిల్ 3.1 ఓములు చూపింది, మా బండిలో బ్యాలస్ట్ లేదు. దానిని బోనెట్ సందుకు దూరంగా, లోపలి గోడకు, మెడ మీద నీరు నిలవని విధంగా ఏటవాలుగా బిగించాను. ఎర్త్ తీగ ఇంజిన్‌కు తగిలే చోట తుప్పు గీకి కొత్త బోల్టు వేశాను. టోపీలన్నింటిలో పలుచగా సిలికాన్ గ్రీజు. ప్లాస్టిక్ పట్టా ఉండేది, దానిని కొబ్బరి మట్టల మీద కప్పేశాము.

ఈ వారంలో నాలుగు ఉదయాలు మొదటి సెల్ఫ్‌కే అందుకున్నది. నిన్న అల్పపీడనం వల్ల రాత్రంతా జల్లు పడింది, గేటు తాళం కూడా చెమర్చింది, అయినా రెండవ సెల్ఫ్‌కు స్టార్ట్ అయింది. ఒక విషయం మాత్రం మిగిలింది. ఆ రాత్రి మిణుగురులా మెరిసిన వైరు మూడవ సిలిండరుది. బాగానే నడుస్తున్నది గనుక దానిని ఉంచనా, మార్చనా?

కంచరపాలెం షెడ్డు
అక్టోబరు 26, ఉదయం 8:05

మార్చండి. ఒకటి కాదు, ఐదూ కలిపి సెట్టుగా మార్చండి. అన్నీ ఒకే వయసువి.